ట్రాక్ పాడిన రాజామణి

రాజామణికి యాభై నాలుగేళ్ళు. సింగపూర్‌లోని ఆంగ్ మో కియో పేటలో నాలుగో అంతస్తు ఫ్లాటులో చెల్లెలు పునీత, చెల్లెలి కూతురు శర్మిలతో కలిసి ఉంటుంది. పగలు ఇండస్ట్రియల్ పార్కులో ఉద్యోగం. చెవి మిషన్లలో అమర్చే బుల్లి స్పీకర్లు సరిగ్గా పలుకుతున్నాయో లేదో పరీక్షించే పని. శుక్ర, శనివారాలు సాయంత్రం నది ఒడ్డున ఒక హోటల్ లాంజ్‌లో సోల్ అనే అమెరికా నల్లజాతివాళ్ళ పాటలు పాడుతుంది. ముప్పై ఏళ్ళుగా పాడుతోంది. ఈ సంగతి సింగపూర్‌లో చైనా వాళ్ళకి తెలుసు, మలయ్ వాళ్ళకి తెలుసు, నిన్నగాక మొన్న దిగిన ఫిలిప్పీన్స్ డ్రమ్మర్లకి తెలుసు. తెలుగువాళ్ళకి మాత్రం పెద్దగా తెలియదు. తెలిసిన ఒకరిద్దరు కూడా, "సోల్ అంటే ఏంటాంటీ, భక్తి పాటలా?" అని అడిగారు.

"అవును, చివర్లో హారతి కూడా ఇత్తాను. పళ్ళెం పట్టుకురా," అంది రాజామణి.

ఆమె పుట్టింది మలేసియాలో, పేరాక్ రాష్ట్రంలోని ఒక కొబ్బరి ఎస్టేటులో. ముత్తాత ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. తండ్రి పరశురాముడు ఎస్టేటు రామభజన బృందానికి నాయకుడు. శనివారం సాయంత్రం ఆయన గొంతెత్తాడంటే వెనక నలభైమంది అందుకోవాలి, అందుకోలేనివాడు బయటికి నడవాలి. తరవాత తువాస్ షిప్‌యార్డులో వెల్డింగ్ పని దొరికి కుటుంబంతో సహా సింగపూర్ దిగాడు. రాజామణికి అప్పటికి పంతొమ్మిది. ఫ్యాక్టరీలో పక్క బల్ల మీద పనిచేసే ఒక యురేషియన్ ఆవిడ ఏదో అమెరికన్ సోల్ క్యాసెట్ చేతిలో పెడితే, ఇంటికి తెచ్చి విని, రాజామణి ఆశ్చర్యపోయింది. ఒకావిడ పైస్థాయిలో మొత్తుకుంటోంది, వెనక జనం అందుకుంటున్నారు, పాట చివరికొచ్చేసరికి అందరూ చెమటతో తడిసిపోయినట్టు వినేవాళ్ళకి తెలిసిపోతోంది. "ఇది మన నాయన భజనే కదే," అంది పునీతతో. అంతే, ఆ పిచ్చి ఇంక వదల్లేదు.

ముక్కు మీద కోపం ఆమెకి మొదటినుంచీ ఉంది. ఒక తెలుగు సంఘం దీపావళి కార్యక్రమంలో యాంకరమ్మ, రాజామణి స్టేజి ఎక్కాక, మైకులోనే, "ఆంటీ, ఏదైనా జోష్ ఉన్న సినిమా సాంగ్ వేసుకుందామా?" అని అడిగింది. రాజామణి అదే మైకులో, "నువ్వు ఏసుకో తల్లీ, నాను సూత్తాను," అని చెప్పి దిగి వచ్చేసింది. ఆరేళ్ళపాటు ఏ తెలుగు సంఘమూ ఆమెను పిలవలేదు. ఇంకోసారి లాంజ్‌లో ఒక బ్యాంకు బృందం ఆమె పాట మధ్యలో కేకు కోసి, బల్లలు చరుస్తూ పుట్టినరోజు పాట అందుకుంది. రాజామణి పాట ఆపి, స్టేజి అంచున కూర్చుని, చేతులు కట్టుకుని వాళ్ళనే చూస్తూ ఉండిపోయింది. లాంజ్ అంతా చల్లబడింది. బ్యాంకు పెద్దమనుషులు ఫిర్యాదు రాశారు, హోటల్ వాళ్ళు నెలరోజులు ఆమెని పక్కన పెట్టారు. ఆ నెల ఆమె స్థానంలో వచ్చినావిడ ఆద్యంతం నవ్వుతూ పాడిందట. నవ్వు చూడడానికి ఎవడొస్తాడు? ఐదో వారానికి మళ్ళీ రాజామణికే ఫోను చేశారు.

ఇవన్నీ ఆమెకి లెక్కలేదు. ఒక్కటే లోపల నలుగుతూ ఉండేది. ముప్పై ఏళ్ళు పాడింది, బయట జనం పెట్టుకుని వినే పాట ఆమె పేరుతో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఒక మలయ్ కీబోర్డు ఆయనతో కలిసి బృందం కట్టింది, రికార్డింగు దాకా వెళ్ళకముందే ఆయన బావమరిదితో దెబ్బలాడి బృందం ముక్కలు చేశాడు. ఒక చైనా శాక్సోఫోన్ ఆయన సీడీలో రెండు పాటలు పాడింది. సీడీ చేతికొచ్చాక అట్ట తిప్పి చూస్తే, "గాత్రం: మిత్రులు" అని ఇంగ్లీషులో అచ్చయి ఉంది. మిత్రులట! ఆ మిత్రుడితో తరవాత మాట్లాడితే ఒట్టు. లాంజ్‌లో పాడింది పాడినట్టే గాలిలో కలిసిపోతుంది, విన్నవాళ్ళు గ్లాసు ఖాళీ చేసి వెళ్ళిపోతారు. తనెవరో తెలియనివాళ్ళ ఇళ్ళలో తన పాట మోగాలి, ఎవరిది ఈ గొంతు అని వాళ్ళు చూసుకుంటే కింద రాజామణి అని ఉండాలి. కోరిక అంతే. అది కూడా ఎవరితోనూ పైకి అనేది కాదు, పునీతకి తప్ప.

అలాంటి సమయంలో కృష్ణప్రసాద్ ఊడిపడ్డాడు.

కృష్ణప్రసాద్ ఒక పెద్ద బ్యాంకులో పెద్ద హోదా. ఏం చేస్తాడో ఆయన భార్యకీ తెలియదుగానీ, విజిటింగ్ కార్డు మీద హోదా రెండు వరుసలుంటుంది. ‘తెలుగు వెన్నెల’ అనే సంఘానికి అధ్యక్షుడు. సంఘానికి పదేళ్ళు నిండుతున్నాయని ఒక పాట తలపెట్టాడు. రాసింది తనే. "సింహపురీ సిరిపురీ, మా తెలుగుకు మరో పురీ" అని మొదలవుతుంది ఆ అఘాయిత్యం. నెల్లూరు వాళ్ళిద్దరు, "సింహపురి అంటే మా ఊరు కదండీ," అని అభ్యంతరం చెబితే, వాళ్ళని కమిటీలో వేసుకుని నోరు మూయించాడు. పాడేది హైదరాబాదు నుంచి వచ్చే స్పందన. టీవీ పాటల పోటీలో ఫైనల్ దాకా వచ్చిన పిల్ల, ఇప్పుడు పోస్టర్ల మీద ‘తెలుగు సోల్ రాణి’. ఆ బిరుదు ఎవరిచ్చారని అడక్కూడదు. ఆమె మేనేజరే ఇచ్చాడు.

స్పందన తీరిక లేని మనిషి, పాట ఎలా పాడాలో ముందే ఎవరైనా పాడి పంపితే విని నేర్చుకుంటుంది. దాన్ని ట్రాక్ పాడడం అంటారు. సినిమా పాటలకి మామూలే. ముందు ఎవరో ఒకరు పాడతారు, తరవాత పేరున్నవాళ్ళు వచ్చి ఆ గొంతు మీద తమ గొంతు పెడతారు, మొదటి గొంతు చెరిగిపోతుంది. కృష్ణప్రసాద్‌కి ఎవరో రాజామణి పేరు చెప్పారు.

"మీలాంటి సీనియర్ ఆర్టిస్టు సహకారం మాకు బ్లెస్సింగ్ అండీ, పాటలో మీ పేరు తప్పకుండా ఉంటుంది," అన్నాడు ఫోనులో.

పేరుంటుంది అన్న మాట దగ్గర రాజామణి పడిపోయింది. అంత కోపిష్టి మనిషి, నోటి మాటేనా, కాగితం మీద రాసిస్తావా అని అడగలేదు. అడిగుంటే ఈ కథే లేదు.

రికార్డింగు క్లెమెంటిలో, కౌశిక్ ఫ్లాటులో జరిగింది. కౌశిక్ సాఫ్ట్‌వేర్ మనిషి, నలభై దాటినవాడు, సంగీతం మీద నిజంగానే ప్రేమ ఉన్నవాడు, కానీ నోట్లో నాలుక లేదు. పిల్లల చదువుగదిని స్టూడియో చేసుకున్నాడు. ఆదివారం ఉదయం, ఏసీ చప్పుడు మైకులోకి వస్తుందని ఆపేస్తే, ఉక్కలో నిలబడి రాజామణి పాడింది. మొదటి భాగం ఎలాగూ పురీ, మరో పురీ. "టిఫిను పాటేటి బాబూ ఇది?" అంది. కౌశిక్ తల వంచుకుని నవ్వాడు. రెండో భాగంలో మాటలు తక్కువ. "ఎంత దూరం వచ్చినా" అన్న మూడు ముక్కలు పదేపదే పైకి పోవాలి. కృష్ణప్రసాద్ కవిత్వం అయిపోయి రాసుకున్న చోటది, అందుకే బాగుంది. రాజామణి మూడుసార్లు పాడింది. మూడోసారి కళ్ళు మూసుకుంది. పేరాక్ నుంచి తండ్రి ట్రంకుపెట్టెతో బస్సెక్కిన రోజు గుర్తొచ్చింది, ఆ మూడు ముక్కలనీ పట్టుకుని భజనలో తండ్రి ఎక్కే స్వరాల మెట్లన్నీ ఎక్కింది. ఆపాక కౌశిక్ చెవులమీది హెడ్‌ఫోన్స్ తీసేశాడు.

"ఆంటీ, ఇది చెరపడానికి చేతులు రావండీ," అన్నాడు.

చెరపలేదు కూడా. నెల తరవాత పాట విడుదలై, సంఘం వాట్సాప్ గ్రూపులో లింకు వచ్చింది. శర్మిల భోజనాల బల్ల దగ్గర ఫోనులో పెట్టింది. మొదటి భాగం స్పందన, చక్కెర పాకంలా. రెండో భాగం రాగానే శర్మిల చెంచా వదిలేసింది.

"పెద్దమ్మా! దట్స్ యూ లా! అది నువ్వే!"

రాజామణి చెవి ఒగ్గి వింది. తనే. ఊపిరి తీసుకున్న చోటుతో సహా తనే. స్పందనకి ఆ మెట్లు ఎక్కడం చేతకాక, రాజామణి గొంతు అలాగే ఉంచేశారు. పునీత ఫోను లాక్కుని కింద పేర్లన్నీ పైకి చదివింది. గానం: స్పందన. సాహిత్యం, భావన, దర్శకత్వం: కృష్ణప్రసాద్. తరవాత స్పాన్సర్లు: ఒక తలనూనె, ఒక మిఠాయి కొట్టు, ఒక కాండో (ఖరీదైన ఫ్లాట్లు అమ్మే) ఏజెంటు, ఇంకా ఆరుగురు. కాండో ఏజెంటు ఫోటో కూడా ఉంది. రాజామణి పేరు లేదు. చివరిదాకా లాగి, మళ్ళీ పైకి లాగి చూశారు. లేదు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అక్కడికక్కడే కృష్ణప్రసాద్‌కి ఫోను చేసింది.

"అది ట్రాకే కదండీ ఆంటీ," అన్నాడాయన, బ్యాంకులో లోను కుదరదని చెప్పే గొంతుతో. "ట్రాక్ అంటేనే అంత. మిక్సింగులో కొంచెం హార్మనీ ఉండిపోయింది. పేర్ల ఫార్మాట్ స్పాన్సర్ల దగ్గర అప్రూవ్ అయిపోయింది. మీరు ఫంక్షన్‌కి రండి, స్టేజి మీద కోరస్‌లో నిలబడండి, అందరిముందూ మీ పేరు అనౌన్స్ చేసి శాలువా కప్పుతాం."

శాలువా ఎవడిక్కావాలి! కానీ అందరిముందూ పేరు అన్నాడు. రాజామణి మళ్ళీ ఒప్పుకుంది. రెండోసారి కూడా నోటి మాటకే ఒప్పుకుంది. పునీత నెత్తి కొట్టుకుంది.

ఫంక్షన్ శనివారం సాయంత్రం ఐదింటికి. రాజామణి లాంజ్‌కి సెలవు పెట్టి వెళ్ళింది. ఐదింటికల్లా ముందు మూడు వరుసలూ కమిటీ కుటుంబాలు టిష్యూ ప్యాకెట్లు, మంచినీళ్ళ సీసాలు పెట్టి, సింగపూర్ అలవాటు ప్రకారం ‘చోప్’ చేసి తమకి ఆపేసుకున్నాయి. ఆ కుర్చీల్లో కూర్చోవలసిన మహానుభావులు ఆరున్నరకి వచ్చారు. జ్యోతి ప్రజ్వలన అన్నారు, అగ్గి రాజుకుంటే అలారం మోగుతుందని హాలు వాళ్ళు ఒప్పుకోక బ్యాటరీ దీపం మీట నొక్కారు, దానికీ ఎనిమిదిమంది చేతులు వేశారు. స్పాన్సర్లకి శాలువాలు మొదలయ్యాయి. ఒక్కొక్కరి సేవలు ఒక్కొక్కరు చదివారు. తలనూనె ఆయన మూడు తరాల చరిత్ర చెప్పుకున్నాడు. చివరికి యాంకరు గడియారం చూసి, "టైమ్ లేనందువల్ల డైరెక్ట్‌గా మన సోల్ రాణి!" అని కేక వేసింది. రాజామణి పేరు టైమ్‌తోపాటే పోయింది.

కోరస్ నలుగురు. వెనక చీకట్లో నిలబెట్టారు, నల్లచీరలు కట్టుకురమ్మన్నారు. చేతికి మైకులిచ్చారు. రాజామణి అలవాటుగా వేలితో తట్టి చూసింది. పలకలేదు. సౌండు మీటల దగ్గర కూర్చున్న కౌశిక్ వైపు చూస్తే, ఆయన పాట మొదలయ్యేలోపు పరిగెత్తుకొచ్చి, "షో కోసమే ఆంటీ, అంతా రికార్డు చేసిన ట్రాక్ మీదే నడుస్తుంది, స్పందనగారిది కూడా సగం అంతే," అని గొణిగాడు.

స్పందన పురీలన్నీ ముగించింది. జిలుగు దుస్తులు, చేయి గాల్లోకి, తల వెనక్కి. రెండో భాగం మొదలైంది. ‘ఎంత దూరం వచ్చినా.’ హాలులోని స్పీకర్లన్నిటిలోంచీ రాజామణి గొంతు లేచింది, ముందు స్పందన పెదవులు కదిలిస్తోంది. ఎనిమిదివందలమంది చప్పట్లు కొట్టారు. ఎవరికోసం కొడుతున్నారు? ఎదురుగా మెరిసిపోతున్న ఆ బొమ్మకి. ఆ గొంతు మనిషి పది అడుగుల వెనక పలకని మైకు పట్టుకుని నిలబడి ఉంది.

రాజామణి మైకు నేలమీద పెట్టింది. గుండెల నిండా ఊపిరి పీల్చి, అదే చోట అందుకుంది. మైకు లేకుండా, ఉత్త గొంతుతో. భజనలో నలభైమంది మీంచి వినిపించడం నేర్చుకున్న గొంతది. ముందు మూడు వరుసలు ఉలిక్కిపడ్డాయి. స్పీకర్లోంచి ఒక రాజామణి, వెనకనుంచి ఒక రాజామణి, ఒక్క వెంట్రుక తేడా లేదు. స్పందన కంగారుపడి వెనక్కి తిరిగి చూసి, నోరు మూసేసింది. స్పీకరు మాత్రం పాడుతూనే ఉంది. అప్పటికి హాలుకి అర్థమైంది. వెనక వరుసల్లో ఎవరో పగలబడి నవ్వారు, ఇంకెవరో ఈల వేశారు. కృష్ణప్రసాద్ లేచి రెండు చేతులూ ఊపేస్తూ ఆపమని సైగ చేశాడు. కౌశిక్ ట్రాక్ ఆపేశాడు. ఆగింది స్పీకరు, రాజామణి కాదు. ఆ వరస పూర్తిగా పాడి, దండం కూడా పెట్టకుండా, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

శర్మిల వీడియో తీసింది, ఇంటికి వచ్చేలోపు పెట్టేసింది. ఇంక చూడాలి తెలుగు వెన్నెల వెలుగులు! గ్రూపులో ఐదువందల మెసేజీలు. "అతిథిని అవమానించారు." "తెలుగువారి పరువు తీశారు." "ఆంటీకి మైకు లేకపోయినా ఈగో ఉంది." సింగపూర్ వచ్చి ఎనిమిది నెలలైనా ఆఫీసుకి వెళ్ళాలంటే మెట్రో స్టేషన్లో ఏ గేటులోంచి బయటికి రావాలో ఇంకా గ్రూపులో అడిగే ఒక మహాశయుడు, "మలేసియా తెలుగువాళ్ళకి మన కల్చర్ తెలీదు," అని తేల్చాడు. పెదవులు కదిలించడం మన కల్చర్ ఎప్పుడైందో ఒక్కడూ చెప్పలేదు. బయట మాత్రం ‘సోల్ ఆంటీ’ అని వీడియోలు పుట్టుకొచ్చాయి. అందులోనూ పేరు లేదు, ఆంటీ ఒక్కటే మిగిలింది. స్పందన హైదరాబాదు చేరి ఇంటర్వ్యూ ఇచ్చింది. "ఎవరో కోరస్ ఆంటీ ఎమోషనల్ అయ్యింది, పాపం. నేనైతే ఆమెను మాఫ్ చేసిన," అంది, కళ్ళు తుడుచుకుంటూ. కన్ను తడిసింది లేదు, కాటుక చెదిరింది లేదు.

"మాఫ్ సేత్తాదట! నా పీక అరువు తీసుకుని నన్ను మాఫ్ సేత్తాది!" అని రాజామణి వంటింట్లో గిన్నెలు ఎత్తెత్తి పడేసింది.

రెండు వారాలకి కృష్ణప్రసాద్ దిగొచ్చాడు. స్పాన్సర్లు అడుగుతున్నారు మరి. కమిటీ అత్యవసర సమావేశం పెట్టి ఒక తీర్మానం చేసింది. రాజామణి ఒక క్షమాపణ వీడియో ఇవ్వాలి. ఇస్తే, పాట కింద ఆమె పేరు చేరుస్తారు. ‘అదనపు గాత్రం: రాజామణి.’ స్పందన పేరు కింద, స్పాన్సర్లకంటే పైన.

పునీత అక్క చేయి పట్టుకుంది. "ఒప్పుకో అక్కా. ముప్పై ఏళ్ళు దీనికోసమే కదా. రెండు నిమిషాలు సారీ అంటే ఏటి అరిగిపోతాది? పాట ఉండిపోతాది, పేరు ఉండిపోతాది."

ఆ రోజంతా రాజామణి ఫ్యాక్టరీలో బల్ల ముందు కూర్చుని, బుల్లి స్పీకర్లు ఒక్కొక్కటీ చెవికి ఆనించుకుని, ఆ పేరునే తలచుకుంది. కావాలనిపించింది. సిగ్గు లేకుండా కావాలనిపించింది. సాయంత్రం పునీతతో, "సరే, సెప్పు వత్తానని," అంది.

ఆదివారం కమ్యూనిటీ క్లబ్బులో ఒక గది తీసుకున్నారు. కృష్ణప్రసాద్, నెల్లూరు కమిటీ సభ్యులిద్దరు, ఫోను స్టాండు పట్టుకుని కౌశిక్. గోడకి సంఘం బ్యానరు, దానిమీద పోయిన ఏడాది స్పాన్సర్లు. బ్యానరు కనిపించేలా కుర్చీ జరిపి, "కొంచెం దుఃఖంగా చూడండాంటీ," అన్నాడు నెల్లూరు ఆయన. కృష్ణప్రసాద్ ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసిన తెలుగు కాగితం చేతికిచ్చాడు. ఆమెకి తెలుగు చదవడం రాదని ఆయనే ఊహించుకున్నాడు. రాజామణి చిన్నప్పుడు ఎస్టేటు బడిలో తెలుగు చదివింది. ఆ మాట చెప్పకుండానే కాగితం అందుకుంది.

కౌశిక్ ఫోను మీట నొక్కాడు. రాజామణి చదివింది.

"అందరికీ నమస్కారం. ఆ రోజు నేను భావోద్వేగానికి లోనై, కార్యక్రమానికి అంతరాయం కలిగించినందుకు చింతిస్తున్నాను. మన అతిథి స్పందనగారికి క్షమాపణలు. పాటలో వినిపించే గొంతు పూర్తిగా స్పందనగారిదే. నేను..."

అక్కడ ఆగింది. కాగితాన్ని దగ్గరగా పెట్టి ఆ వాక్యం మళ్ళీ చూసుకుంది.

"ఏటిది?" అంది.

"ఫార్మాలిటీ ఆంటీ. స్పందన వాళ్ళ లాయరు అడిగాడు," అన్నాడు కృష్ణప్రసాద్.

"గొంతు పూర్తిగా ఆవిడిదయితే, కింద నా పేరు ఎందుకండీ? నాను ఏటి సేసినట్టు? టీ అందించినట్టా?"

"అదనపు గాత్రం అని వేస్తున్నాం కదండీ."

"గొంతు నాది కాదని నా నోటితో సెప్పించి, దాని కింద నా పేరు రాత్తారు. ముప్పై ఏళ్ళకి ఒక్క పాటలో నా పేరు, అదీ నా అబద్ధం కింద. అంతేనా?"

నెల్లూరు సభ్యులిద్దరూ ఫోనులు చూసుకున్నారు. రాజామణి కాగితం నాలుగు మడతలు పెట్టి కుర్చీ మీద పెట్టి లేచింది.

"పేరొద్దు, ఏటీ వద్దు. నా గొంతు తీసీండి. పాటలోంచి నా గొంతు తీసీండి."

కృష్ణప్రసాద్ ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. "అంతేనా ఆంటీ? ముందే చెప్పొచ్చు కదా! అది ఈజీ. స్పందన మళ్ళీ పాడుతుంది, మిగతాది సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. ఇంక అందరూ హ్యాపీ."

బతిమాలతాడనుకుంది పాపం. ఆ భాగం పోతే పాటలో ఏం మిగులుతుంది, వద్దండీ, అంటాడనుకుంది. ఆ మనిషి చెవులకి రెండూ ఒకటే. ముందు మూడు వరుసల చెవులకీ అంతే కాబోలు. రాజామణికి తిట్లు కూడా రాలేదు. ఇంత తేలిగ్గా పోయేదాని కోసమా తను ఇన్నాళ్ళు దేవులాడింది అనుకుంటూ గదిలోంచి బయటికి నడిచింది.

లిఫ్టు దగ్గర కౌశిక్ వెంటపడి వచ్చాడు. "ఆంటీ, ఒరిజినల్ ఫైలు నా దగ్గర భద్రంగా ఉంది. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తాను, మీరు దాచుకోండి."

"దాచుకుని ఏటి సెయ్యను, ఊరగాయ పెట్టుకోనా?" అంది రాజామణి. "ఊరందరూ ఇన్నప్పుడు ‘ఇది ఈవిడ గొంతు’ అని ఒక్క ముక్క సెప్పడానికి నోరు రానోడివి, ఇప్పుడు పెన్‌డ్రైవ్ తెత్తావేటి?"

కౌశిక్ ఆమెకోసం లిఫ్టు మీట నొక్కాడు. మంచివాడే. మంచితనం ఎందుకు తగలబెట్టను!

మూడు వారాలకి పాత లింకు మాయమై కొత్తది వచ్చింది. ‘మెరుగుపరచిన రూపం’ అని పెట్టారు. గ్రూపులో అందరూ దండాలు, పువ్వులు, చప్పట్లు పంపారు. శనివారం పొద్దున ఇంటి కింద కాఫీషాపులో ముగ్గురూ పరాటా తింటుంటే శర్మిలకి కనిపించింది. వినిపించాలా వద్దా అని ఆ పిల్ల సందేహిస్తుంటే, "పెట్టు," అంది రాజామణి.

శర్మిల ఫోను బల్లమీద గ్లాసుకి ఆనించింది. పురీలన్నీ అయ్యాయి. రెండో భాగం వచ్చింది. స్పందన గొంతు మెట్లెక్కింది, అసలు ఎక్కినట్టే లేదు, లిఫ్టులో వెళ్ళింది. ఎక్కడా ఊపిరి లేదు, తడబాటు లేదు, నున్నగా తుడిచిన బల్లలా ఉంది. ఎంత దూరం వచ్చినా, ఎంత దూరం వచ్చినా, అని ఆరుసార్లు పైకి వెళ్ళి దిగింది. ఎక్కడికీ వెళ్ళలేదు. పక్క బల్ల దగ్గర చైనా ముసలాయన పేపరు తిరగేస్తూ, ఏమీ పట్టనట్టు కాఫీ తాగుతున్నాడు.

పాట అయిపోయింది. రాజామణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి ఎవరినీ తిట్టలేదు. చెల్లెలి వైపు తిరిగి, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"పునీతా, నిజం సెప్పు. నాను లేనట్టు తెలుత్తోందా?"

ఒప్పుకో అని పోరింది పునీతే మరి. చేతిలో పరాటా ముక్క పళ్ళెంలో పెట్టేసింది.

"తెలుత్తోంది అక్కా. బాగా తెలుత్తోంది."

"సరే అయితే," అంది రాజామణి, కొంగుతో ముఖం తుడుచుకుని. "మళ్ళీ పెట్టవే శర్మీ."